అరటాకుల మీద గేర్ బాక్సు

సోమవారం ఉదయం గిరిబాబు స్నానం చేసి వంటింటి గుమ్మంలో నిలబడి ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు.

"టిఫిను తిని గేర్ బాక్సు ఇప్పుతాను. మధ్యాహ్నానికి కడిగీస్తాను. నువ్వు బడి నుంచి వచ్చీసరికి బిగించీసి ఉంటాది. సాయంత్రం ఇద్దరం అలా హైవే దాకా ఎళ్ళొద్దాం."

అతని భార్య, బడిపంతులమ్మ యమున చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ తలెత్తకుండానే జవాబు చెప్పింది. "మిక్సీ కూడా సాయంత్రానికి బిగించీస్తానన్నారు. ఎండాకాలం ఎళ్ళిపోనాది. నేనింకా రోట్లోనే రుబ్బుతన్నాను."

"మిక్సీ ఏరు, కారు ఏరు."

"అదే కదండీ నా బయం. మిక్సీలో మనుషులు కూకోరు."

గిరిబాబు విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై నరసన్నపేటలో స్థిరపడ్డాడు. ఎడమ మోకాలు నొప్పితో క్లచ్చి తొక్కలేక, గేర్లు తనంతట తానే మార్చుకునే పాత కారు ఒకటి కొన్నాడు. ఈ మధ్య ఆ కారు గేరు మారినప్పుడల్లా ఒళ్ళు విరుచుకుంటోంది. ఇంజను అరుస్తుంది, చక్రాలు వినిపించుకోవు. శ్రీకాకుళంలో ఒక షెడ్డు మేస్త్రీ కిందికి దూరి చూసి, బాక్సును విశాఖపట్నం పంపాలనీ, నెల పడుతుందనీ చెప్పాడు. గిరిబాబు దగ్గర నెల లేదు. గురువారం ఏకాదశి.

కళింగపట్నంలో ఉండే అతని అత్తగారు తాతమ్మ, కంటి ఆపరేషను బాగా జరిగితే ఏకాదశి నాడు శ్రీకూర్మం వచ్చి స్వామిని ఆ కళ్ళతో చూసుకుంటానని మొక్కుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. చిక్కల్లా ఆవిడను ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర వచ్చింది. ఆవిడ కొడుకు నరసింగరావుకు విజయనగరంలో టైల్స్ షాపూ, లారీ అంత ఎత్తున్న కొత్త కారూ ఉన్నాయి.

"అమ్మని నా కారులో తీసుకెళ్తాను బావా. నీ కారెక్కితే దారిలో ఇంకో మొక్కు మొక్కుకోవాల్సొస్తాది" అని అతను ఫోనులో నవ్వాడు.

"ఒరే, అత్త నా కారులోనే ఎళ్తాది. నీ బండిని ఆ రోజు షాపు ముందే కట్టీసుకో" అన్నాడు గిరిబాబు.

మొక్కు అత్తగారికీ దేవుడికీ మధ్య విషయం. ఏ కారులో వస్తావని దేవుడు అడిగాడో లేదో తెలియదు. ఆ ఇంట్లో మాత్రం వారం రోజులుగా అదొక్కటే ప్రశ్న.

షెడ్డు నుంచి ఇద్దరు మనుషులను పిలిచి ఆదివారమే బాక్సును కిందికి దింపించాడు గిరిబాబు. ఎలా విప్పాలో ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాడు. వీడియోలోని పెద్దమనిషి పదేపదే చెప్పింది ఒక్కటే: దుమ్ము పడకూడదు. నేల మీద పెట్టకూడదు, పోగులు రాలే గుడ్డ మీద పెట్టకూడదు, తీసినవి తీసిన వరసలోనే పేర్చాలి. పంచె పరిస్తే పోగులు రాలతాయి. పేపరు పరిస్తే చిరుగుతుంది. పళ్ళేలు ఇమ్మంటే యమున, "నా పళ్ళేలకి కిరసనాయిలు కంపు అంటిస్తారేటి?" అని బీరువాకు తాళం వేసుకుని మరీ బడికి వెళ్ళింది. అప్పుడు అతని చూపు పెరట్లోని అరటి చెట్ల మీద పడింది. అరటాకుకు పోగులుండవు, నీళ్ళతో కడిగితే దుమ్మూ ఉండదు. ఆ ఆలోచన తనకే వచ్చినందుకు గిరిబాబు కాసేపు సంతోషించాడు.

వీధి వసారాలో లేత ఆకులు వరసగా పరిచి, ఒక్కొక్క చక్రాన్నీ, ఒక్కొక్క పలకనూ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆకుల మీద పేర్చాడు. బాక్సు ముందు భాగంలో ఉండే పెద్ద ఇనుప డిప్పను, కన్నం లోకి చెత్త పోకుండా బోర్లించి, మధ్యలో పీట మీద పెట్టాడు. లోపలి నుంచి రాలిన చిన్న చిన్న ఉక్కు గుళ్ళను గిన్నెలో వేశాడు. వాటిలో ఒక్కటి లేకపోయినా గేరు మారదని వీడియోలో గట్టిగా చెప్పారు. ఎవరూ దాటకుండా అన్నిటి చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాడు. ఇక కొత్త సీళ్ళు, గేరు నూనె కోసం శ్రీకాకుళం బయలుదేరుతూ పక్కింటి చిన్నతల్లిని కేకేశాడు.

"వదినా, ఇటేపు కొంచెం సూస్తండు. సెప్పులతో ఎవుర్నీ వసారా ఎక్కనీకు. ఒంటి మీద మట్టీ మశానం ఉన్నోళ్ళు అస్సలు ముట్టుకోకూడదు."

"అంత మడా బాబూ?" అంది చిన్నతల్లి.

"అంతకన్నా ఎక్కువే" అని గిరిబాబు బస్సెక్కాడు.

గురువారం దాకా ఆగలేక తాతమ్మ ఆ పూటే ఆటోలో దిగింది. కొత్త కళ్ళకు మొదట కనిపించినవి ముగ్గూ, అరటాకులూ, పీట మీద నిగనిగలాడుతున్న తాబేటి డిప్పా. ఆవిడ అక్కడే ఆగిపోయింది.

"ఓలమ్మ! ఇదేటే సిన్నతల్లీ?"

"నాకేటి తెల్సు పిన్నీ. సెప్పులు ఒగ్గీసి రావాలన్నాడు, తానం సెయ్యకుండా ముట్టకూడదన్నాడు. పొద్దున్నించీ పచ్చి గంగ ముట్టకుండా ఒక్కొక్కటే తుడుసుకుంటా కూకున్నాడు."

తాతమ్మకు ఇంకేం కావాలి? అల్లుడికి దేవుడంటే ధ్యాస లేదని ఆవిడ బెంగ. అలాంటి అల్లుడు తన మొక్కు కోసం సాక్షాత్తూ కూర్మనాథుణ్ణే ఇంటికి తెచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. ఆవిడ నూతి దగ్గర రెండు చెంబులు పోసుకుని, తడి చీరతోనే పూజకు కూర్చుంది. డిప్పకు పసుపు రాసి, మందారం పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు పైన పోసింది. ఆకుల మీద ఉన్న ప్రతి చక్రానికీ మూడేసి కుంకం బొట్లు పెట్టింది. వీధిలో ఆడవాళ్ళను పేరంటానికి పిలిచింది. చిన్నతల్లి, ఎదురింటి రేఖ, చర్చి పక్కనుండే లీలారాణి వచ్చారు.

"ఈ గుళ్ళేటి పిన్నీ? స్వామి గుడ్లా?" అని రేఖ అడిగింది.

"సెంపలేసుకో. ప్రసాదం" అంది తాతమ్మ.

గిరిబాబు నూనె డబ్బాతో వచ్చేసరికి వసారాలో దీపం వెలుగుతోంది. పక్కనే కిరసనాయిలు డబ్బా ఉంది. ముందు ఆ కిరసనాయిలు డబ్బాను తీసుకుని వీధిలోకి పరుగెత్తాడు. దాన్ని అక్కడ పెట్టి తిరిగి వచ్చాడు.

"అత్తా! ఏటిది?"

తాతమ్మ కళ్ళు ఒత్తుకుంది. "బాబూ, నిన్ను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇంత బక్తి కడుపులో దాసుకున్నావు. నరసింగుడికి ఫోను సేసీసినాను. నీ పెద్ద కారు నాకొద్దురా, నా అల్లుడు కారులోనే ఎళ్తానన్నీసినాను."

నిజం చెప్పడానికి తెరిచిన నోటిని గిరిబాబు మెల్లగా మూసుకున్నాడు. వారం రోజులుగా గెలవాలని చూస్తున్న పందెం పసుపు కుంకాలతో ఒళ్ళో వచ్చి పడింది. అబద్ధం ఆడితే పాపం అంటారు. ఊరుకుంటే ఎంత పాపమో ఎవరూ సరిగ్గా చెప్పరు. డిప్పను ఎత్తి కింద చూశాడు. బోర్లించి ఉండబట్టి కొబ్బరినీళ్ళు లోపలికి పోలేదు. 'స్వామీ, నువ్వున్నావు' అనుకున్నాడు. అంతలో గిన్నె కనిపించింది. ఖాళీ.

"ఇందులో గుళ్ళుండాలి అత్తా!"

"పేరంటానికి వచ్చినోళ్ళని ఉత్తి సేతులతో పంపుతానేటి? ఇంట్లో తవలపాకుల్లేవు, పళ్ళు లేవు. తలా రెండు గుళ్ళు ఇచ్చీసినాను."

గిరిబాబు ముందు లీలారాణి ఇంటికి పరుగెత్తాడు. ఆమె నవ్వుతూ బల్ల మీద ఉన్న గుళ్ళు తీసిచ్చింది. "మావి కావండీ అవి. పెద్దావిడ ముచ్చటపడి పెడతావుంటే వద్దనలేకపోయాను." రేఖ తన రెండు గుళ్ళనూ ఎర్రగుడ్డలో కట్టి గేదె మెడకు వేసింది. గేదె ఈనింది మొదలు తన్నుతోంది, ఈ పూట మాత్రం తన్నలేదట. గిరిబాబు ముడి విప్పబోతే అతన్ని తన్నింది. "సూశారా, దానికీ ఒగ్గాలని లేదు" అంది రేఖ. ఆమెకు అరడజను తమలపాకులు, రెండు అరటిపళ్ళు ముట్టజెప్పాక గుళ్ళు చేతికొచ్చాయి.

చిన్నతల్లి అసలు ఒప్పుకోలేదు. "బియ్యం డబ్బాలో ఏసీసినాను బాబూ. ఇంట్లోకొచ్చిన స్వామిని తిరిగి పంపుతారేటి?"

"వదినా, అవి లేకపోతే కదలదు!"

"ఏటి కదలదు?"

గిరిబాబు ఒక్క క్షణం తడబడ్డాడు. "స్వామి."

చిన్నతల్లి రెండు చేతులూ జోడించి, బియ్యం డబ్బాను చాప మీద బోర్లించింది. ఇద్దరూ చీకటి పడేదాకా బియ్యం ఏరుతూ కూర్చున్నారు.

యమున ఇదంతా విని గోడకు ఆనుకుని మరీ నవ్వింది. "అమ్మకి నిజం సెప్పీండి."

"ఏకాదశి అయ్యాక సెప్తాను."

"అయ్యాక సెప్తే మొక్కు రద్దయిపోద్దేమో కనుక్కోండి."

సోమవారం సాయంత్రానికి అయిపోవాల్సిన పనిలో మంగళవారమంతా పసుపు కడగడానికే పోయింది. పలకల సందుల్లోంచి కుంకం తీయడానికి యమున దువ్వెన పళ్ళు రెండు విరిగాయి. కడిగినా, బిగించినా అదీ పూజలో భాగమేననుకుని తాతమ్మ పక్కనే కూర్చుని గోవింద నామాలు చదివేది. ఆవిడ భోజనానికి లేచినప్పుడల్లా గిరిబాబు వీడియో చూసేవాడు. బుధవారం రాత్రి తాతమ్మ పడుకున్నాక షెడ్డు మనుషులు వచ్చి బాక్సును కారు కిందికి ఎక్కించి బిగించారు. తాళం తిప్పి, గేరు వేసి, కళ్ళు మూసుకున్నాడు. కారు చిన్న ఊపు కూడా లేకుండా గేటు దాకా వెళ్ళింది. గిరిబాబు స్టీరింగు మీద తల పెట్టి నిజంగానే దండం పెట్టుకున్నాడు.

గురువారం ఉదయం నరసింగరావు ఆగలేక తన పెద్ద కారుతో సహా దిగాడు. "నీ బండి ఆగిపోతే మీ ముగ్గుర్నీ ఎక్కించుకోవాలి కదా బావా" అన్నాడు. గిరిబాబు కారును వీధిలోకి తీసి, ముందుకూ వెనక్కూ నడిపి చూపించాడు. నరసింగరావు నవ్వు కాస్త తగ్గింది. తాతమ్మ కొత్త చీర కట్టుకుని, కొబ్బరికాయల సంచి పట్టుకుని వచ్చింది. కారు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి వసారాలోకి చూసింది.

"బాబూ, పీట మీద స్వామి ఏరి?"

అందరూ వింటున్నారు. గిరిబాబు గర్వంతో కారు ముందు భాగాన్ని తట్టాడు. "ఇందులోనే ఉన్నాడత్తా. కారుని నడుపుతన్నది ఆయనే."

తాతమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

"ఈ కారు కిందా?"

"అవునత్తా."

"నాను పూజ సేసిన స్వామి నెత్తి మీద కాళ్ళెట్టుకుని, ఆయన గుడికే ఎళ్ళమంటావేటి? కొత్తగా వచ్చిన కళ్ళు పోతాయి బాబూ!" అని ఆవిడ లెంపలు వేసుకుని, తిన్నగా వెళ్ళి కొడుకు కారెక్కింది. యమున నవ్వు ఆపుకుంటూ తల్లి వెనకాలే ఎక్కింది.

"నడపడానికి మనిషి ఉండాలి కాబట్టి నువ్వు కూకో" అని తాతమ్మ అద్దం దించి అల్లుడికి అనుమతి ఇచ్చింది. "సెప్పులు మాత్రం ఒగ్గీ."

నరసింగరావు పెద్దగా నవ్వి హారను కొట్టాడు. వెనక సీటు నుంచి తల్లి చేతి దెబ్బ అతని భుజం మీద పడింది.

"ఏటిరా ఆ కూతలు? స్వామి ఎళ్తంటే హారను కొడతావా? ఆయన్ని దాటీసి ఎళ్ళావో, నడిసైనా గుడికెళ్తాను గానీ నీ కారులో ఉండను."

నరసన్నపేట నుంచి శ్రీకూర్మం దాకా గిరిబాబు ఖాళీ కారులో చెప్పుల్లేకుండా ముందు వెళ్ళాడు. వెనక లారీ అంత కారు, దాని వెనక పాల ఆటోలు, సైకిళ్ళు. దారిలో ఫోను మోగింది.

"కొంచెం తొక్కు బావా! గొర్రెల మంద మనల్ని దాటిపోనాది!"

"ఊరేగింపులో పరిగెట్టకూడదురా" అని గిరిబాబు ఫోను పెట్టేశాడు.

తాను బిగించిన బాక్సులో నాలుగో గేరు పని చేస్తుందో లేదో అతనికి ఆ రోజు తెలియలేదు.