బీరువాలో పెరిగిన చిక్కుడు మొక్క

ప్రయోగం మొదలుపెట్టకముందే ఫలితం తెలిసిపోవడం మానవజాతికి దొరికిన గొప్ప వరం. నవ్వకండి. పొయ్యి వెలిగించకముందే కూర రుచి తెలిసిపోతే ఎన్ని కాపురాలు నిలబడేవో ఒక్కసారి ఆలోచించండి!

మా సాల్తో ఊళ్లో ఈ వరం నాలుగో తరగతి పిల్లలకే అందుతోంది. సైన్స్ పుస్తకం మొదటి పేజీలో వరసగా నాలుగు బాణాలుంటాయి. చూడు, ఊహించు, చేసి చూడు, తేల్చు. మా బడిలో ‘తేల్చు’ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. ఎంత టైమ్ మిగులుతుంది!

ప్రతి ఏప్రిల్‌లోనూ పిల్లలున్న ప్రతి ఇంట్లో రెండు గాజు సీసాలు తయారవుతాయి. తడి దూది, దూదిలో చిక్కుడు గింజ. ఒక సీసా ఎండలో, ఒకటి చీకట్లో. మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను, మా అన్నయ్య పెట్టాడు. అందరం ఒకే వాక్యం రాశాం: ‘వెలుతురు లేకపోతే మొక్క పెరగదు.’ రాయడానికి మొక్కను చూడాల్సిన అవసరం ఏముంది?

గింజ మొలవనివాళ్లకు మా వీధి చివర కూరగాయల కొట్టు వాషింగ్టన్ ఉన్నాడు. మొలిపించిన సీసాలే అమ్ముతాడు. వెళ్లగానే ‘ఎండదా, చీకటిదా?’ అంటాడు. చీకటిది అంటే ఉత్త తడి దూది ఉన్న సీసా ఇస్తాడు. పైగా దానికి గ్యారంటీ కూడా!

ఇంత చక్కటి ఏర్పాటు మీద మా అన్నయ్య కూతురు హసింత దెబ్బ కొట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల ప్రయోగం నిజంగా చేసేసింది.

ఒక సీసా వంటింటి కిటికీలో పెట్టింది. రెండోది బీరువాలో, నా చలికాలం స్వెటర్ల మధ్య. పన్నెండో రోజు స్కేలు పట్టుకుని కొలిచింది. కిటికీలోది పదకొండు సెంటీమీటర్లు. బీరువాలోది ఇరవై ఆరు.

“అత్తా, చీకటిదే గెలిచింది.”

వెళ్లి చూశాను. పాలిపోయి, దారంలా సాగి, నా ఎర్ర స్వెటర్ భుజం మీద తల వాల్చి నిలబడి ఉంది.

ఇక ప్రశ్నలు. దానికి లోపల తిండెవరు పెట్టారు? ఆకుపచ్చ రంగు ఎటు పోయింది? వెలుతురు ఎక్కడుందో అని వెతుక్కుంటూ పరిగెడుతోందా? తిండి అయిపోతే పడిపోతుందా? ఇదొక్కటే పిచ్చిదేమో, ఇంకో మూడు గింజలు పెట్టి చూద్దామా?

ఈ చివరి ప్రశ్న ఉంది చూశారూ, అది మహా ప్రమాదం. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒకతను మీటింగులో అచ్చం ఇలాగే అడిగాడు, ‘ఇంకోసారి చెక్ చేద్దామా?’ అని. ఇప్పుడతను మా ఆఫీసులో లేడు.

హసింత ఊరుకోలేదు, మూడూ పెట్టింది. మూడూ పరిగెత్తాయి. నోట్‌బుక్‌లో రోజువారీ కొలతలన్నీ రాసుకుని బడికి పట్టుకెళ్లింది. శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు, ప్రదర్శన ఉంది. తన సీసాలు ముందు టేబుల్ మీద ఉండాలని దాని ఆశ. తెల్ల యూనిఫాం మీద కట్టుకునే నీలం రిబ్బను రెండు రోజుల ముందే ఇస్త్రీ చేయించుకుంది.

మిర్తా టీచర్ మంచావిడే. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఒక జవాబుల పుస్తకం, ఒక ఇన్‌స్పెక్టర్. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కొలతలు చూసి, లేబుళ్లు తారుమారు చేసుంటావు అందట. లేదు, నేనే అంటించాను అందట ఇది.

“అయితే పుస్తకం తప్పంటావా తల్లీ?”

“పుస్తకం మా బీరువా చూళ్లేదు కదా టీచర్.”

సాయంత్రానికి ఎర్ర ఇంకుతో చీటీ వచ్చింది. ఫలితాలు సరిచేసుకుని రావాలి, లేకపోతే సీసాలు ప్రదర్శనలో ఉండవు.

మా అమ్మ నెల్లీ, మాతే ఆకు టీని గొట్టంతో పీలుస్తూ చీటీ చదివింది. “మొక్కతో పంతమేంటే పిల్లా. వాషింగ్టన్ దగ్గర కొనేద్దాం. మీ నాన్నకీ అక్కడే కొన్నాను.”

“అంటే నాన్న గింజ మొలవలేదా నాయనమ్మా?”

“మొలిచిందో లేదో ఎవరు చూశారు?”

కొన్న మొక్క వద్దంది. అన్నం వద్దంది. ఏడుపు ఆపుకుంటూ బీరువా తలుపుకి ఆనుకుని కూర్చుంది. అప్పుడు నా చదువు అక్కరకొచ్చింది. గ్రాఫు కిందికి పోతుంటే తిరగేసి చూపించడమే కదా నా ఉద్యోగం! రెండు సీసాల లేబుళ్లూ పీకి, అటుది ఇటూ ఇటుది అటూ అంటించాను. కొత్త మొక్క అక్కర్లేదు, కొలతలూ మార్చక్కర్లేదు. ఎంత శుభ్రమైన పని!

హసింత చూస్తూ కూర్చుంది. ఒప్పుకుందనుకున్నాను.

శుక్రవారం ముందు టేబుల్ మీద, ‘ఎండలో’ అన్న లేబుల్ వెనక కాగితంలా తెల్లబారిన పొడుగు మొక్క. ‘చీకట్లో’ అన్న లేబుల్ వెనక నిగనిగలాడే పచ్చటి పొట్టి మొక్క. ఇన్‌స్పెక్టర్ చూశాడు. మిర్తా టీచర్ చూసింది. ముప్పై మంది తల్లిదండ్రులు చూశారు. రంగేంటి అని ఒక్కరైనా అడిగారా? సూర్యుడి మహిమ అని ఇన్‌స్పెక్టర్ మెచ్చుకుని తెల్ల మొక్క పక్కన నిలబడి ఫొటో దిగాడు. గ్రేడు: అత్యుత్తమం. ఆ ఫొటో మా ఫ్రిజ్ మీదుంది.

చూశారా, పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో?

మొన్న కొత్త హోంవర్క్ వచ్చింది. ఇరవైసార్లు గెంతాలి, మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషానికి నాడి ఎంత కొట్టుకుంటుందో లెక్కపెట్టాలి. గడియారం తెచ్చి ఎదురుగా పెట్టాను. హసింత కుర్చీలోంచి లేవలేదు. పెన్ను తెరిచి, గీత మీద ఆనించి నావైపు చూసింది.

“అత్తా, ఎంత రావాలి?”

ముందు గెంతవే అన్నాను.

“ఎందుకు? ఎంత రావాలో చెప్పు, రాసేస్తా.”

బీరువా ముందు ఊపిరి తిప్పుకోకుండా అయిదు ప్రశ్నలడిగిన పిల్ల. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న, దానికీ జవాబు నా దగ్గరే ఉండాలి. మిర్తా టీచర్‌ను తిట్టడానికి నోరు తెరిచాను. లేబుళ్లు పీకిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి మూసుకున్నాను.

నూటపన్నెండు అని చెప్పాను.

గుండ్రటి అక్షరాలతో రాసుకుని, కింద స్కేలుతో గీత కొట్టి, పుస్తకం మూసేసింది. ఆ సాయంత్రం దాని గుండె నిజంగా ఎంత కొట్టుకుందో ఎవరికీ తెలీదు. గ్రేడు మాత్రం వచ్చింది. అత్యుత్తమం.