యాంగ్‌జౌ పులిహోర

శనివారం ఉదయం ఫణి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పన్నెండింటికి అతని మేనేజర్ లిన్ వాళ్ళ నాన్నగారితో కలిసి భోజనానికి వస్తుంది. ఆ పెద్దాయన చైనాలో యాంగ్‌జౌ అనే ఊళ్ళో నలభై ఏళ్ళు వంటమాస్టరు. ఆ ఊరి ఫ్రైడ్ రైస్‌కి పేరు. మెతుక్కి మెతుకు అంటుకోకూడదు, ప్రతి మెతుక్కీ గుడ్డు పట్టాలి. దానికి ముందురోజు అన్నమే కావాలి కాబట్టి ఫణి రాత్రే వండి ఫ్రిజ్‌లో పెట్టాడు.

వంటమాస్టరుకి ఆయన ఊరి వంటే వండి పెట్టాలన్న బుద్ధి ఎలా పుట్టిందని అడగకండి. అమెరికాలో హెచ్-వన్‌ వీసా మీద ఐదో ఏడు నడుస్తున్న మనిషి, గ్రీన్ కార్డ్ ఫైల్ చేయమని పైవాళ్ళకు సిఫారసు చేయాల్సిన మేనేజర్ ఇంటికొస్తుంటే ఇంకోలా ఆలోచించలేడు, పాపం.

పదింటికి ఫ్రిజ్ తెరిస్తే గిన్నె ఖాళీ.

భీమవరం నుంచి నెల క్రితం వచ్చిన అత్తగారు సుబ్బులు ఎదురుగా నిలబడి ఉంది. "ఆ చద్దన్నం పెరుగేసుకుని నేను తినేశాను బాబూ. మీ ఆఫీసు పెద్దలొస్తుంటే చద్దన్నం పెడతామా? పొగలు కక్కే అన్నం వండేశాను."

అత్తగారికి ఎదురు చెప్పడం ఫణికి చేతకాదు. బాల్కనీలోకి వెళ్ళి, ఆఫీసు పని మీద షికాగో వెళ్ళిన భార్య నమ్రతకి ఫోన్ చేశాడు.

"మీ అమ్మకి కొంచెం చెప్పవా?"

"ఫ్లైట్ బోర్డ్ చేస్తున్నాను ఫణీ. నువ్వే చెప్పుకో." ఫోన్ పెట్టేసింది.

చెప్పలేదు. వేడన్నాన్ని పెద్ద పళ్ళెంలో ఆరబోసి, ఫ్యాన్ పెట్టి, స్నానానికి వెళ్ళాడు.

తెలుగింట్లో అన్నం పళ్ళెంలో ఆరబోశారంటే దానికి ఒకటే అర్థం. సుబ్బులు మనసు కరిగిపోయింది. పులిహోర కావాలని నోరు తెరిచి అడగడానికి కూడా అల్లుడికి ఎంత మొహమాటం! పసుపూ నూనే కలిపింది, చింతపండు పులుసు పట్టించింది, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టింది. ఆ ఘాటుకి స్మోక్ అలారం గోల మొదలెట్టింది.

ఫణి తువ్వాలుతో, చెవుల్లో సబ్బుతో బయటికొచ్చి ఆఫీసు లాప్‌టాప్‌నే విసనకర్రగా చేసి అలారానికి విసిరాడు. అది ఆగేసరికి పళ్ళెం కనిపించింది. పచ్చగా ఉంది.

"ఇదేంటి అత్తయ్యగారూ?"

"మీకిష్టమని, బాబూ!"

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. చేతికందిన ప్యాంటూ చొక్కా తగిలించుకుని, బాణలి వేడెక్కించి, పులిహోరంతా దాంట్లో దిమ్మరించి, నాలుగు గుడ్లు కొట్టి కలిపాడు.

"పులిహోరలో కోడిగుడ్డా!" సుబ్బులు గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఫణి పరుగున వెళ్ళి తలుపు తీస్తే అతిథులు దగ్గుతూ లోపలికొచ్చారు. పెద్దాయన కూర్చున్నాడు, ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, ఆగాడు. చెంచా కింద పెట్టి చైనీస్‌లో ఏదో అన్నాడు. ఫణికి గ్రీన్ కార్డు కళ్ళముందే కరిగిపోయింది.

"ఎవరు చేశారని అడుగుతున్నారు," అంది లిన్ ఇంగ్లీషులో.

"నేనే. తప్పంతా నాదే," అన్నాడు ఫణి.

భాష తెలియకపోయినా అల్లుడి ముఖం చూసి సంగతి గ్రహించిన సుబ్బులు ముందుకొచ్చింది. "అబ్బాయినేం అనకండి. చేసింది నేను."

ఫణికి ఆవిడ మీద ఒక్కసారిగా బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది. అదే మాట ఇంగ్లీషులో లిన్‌కి చెప్పాడు.

పెద్దాయన మళ్ళీ ఏదో అన్నాడు. లిన్ పగలబడి నవ్వింది. "గుడ్డు వేసినవాళ్ళని వంటింట్లోకి రానివ్వొద్దంటున్నారు. మిగతాదంతా బాగుందట, ఇంకొంచెం పెట్టమంటున్నారు."

సుబ్బులు రెండో వాయి కలపడానికి లోపలికి పరుగెత్తింది. లిన్ గొంతు తగ్గించింది. "నీ సిఫారసు నేను గురువారమే పంపేశాను. ఈ భోజనానికి నన్ను నేనే పిలుచుకుంది ఎందుకో తెలుసా? నాన్న వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఫ్రైడ్ రైసే. ఒక్కపూటైనా మీ తిండి తిందామని!"

వెళ్ళేముందు పెద్దాయన సుబ్బులుకి దణ్ణం పెట్టి, వచ్చే శనివారం తానే వచ్చి అందరికీ అసలైన యాంగ్‌జౌ ఫ్రైడ్ రైస్ వండుతానని మాటిచ్చాడు. లిన్ అక్కడికక్కడే ఫోన్ తీసి, ఆ శనివారానికి ఆఫీసులో అర్జెంటు మీటింగ్ పెట్టుకుంది.