హీటరుకి కరెంటు ఎక్కడిది?

ఆదివారం పొద్దున్నే బాత్రూమ్ గోడమీది పాత హీటరు తానే ఊడదీస్తానని డ్రాయింగు మాస్టారు ముందురోజు భోజనాల దగ్గర నోరు జారారు. మామగారు విద్యుత్ శాఖలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టరు. అల్లుడికి మేకు కొట్టడం కూడా రాదని పెళ్లినాటి నుంచీ ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఈ ఒక్క పూటలో వదలగొట్టాలని మాస్టారి పంతం.

ఇంట్లో మెయిన్ ఆపారు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది. మాస్టారు స్టూలెక్కి హీటరు వైరుకి టెస్టరు ఆనించారు. అది నిక్షేపంలా వెలిగింది.

"టెస్టరు పట్టుకోవడం కూడా ఒక విద్యే, అల్లుడుగారూ," అని హాల్లో కుర్చీ దిగకుండానే మామగారు తీర్పు చెప్పేశారు.

టెస్టరు మార్చారు. అదీ వెలిగింది. భార్య పక్కింట్లో అడిగి మూడోది తెచ్చింది. అదీ అంతే.

"మీ మెయిన్ పాడై ఉంటుంది. కింద మీటరు దగ్గర ఆపండి. అందాకా ఆ వైరు ముట్టుకోకండి, నా కూతురి మొహం చూసైనా!"

ఆ చివరి మాటకి మాస్టారికి ఒళ్లు మండింది. కిందికి దిగి, తమ మీటరు స్విచ్చి ఆపి, భార్యకి ఫోన్ చేశారు.

"ఆరిందా?"

"దివ్యంగా వెలుగుతోంది."

నంబర్లు తారుమారయ్యాయేమోనని పక్కది ఆపారు. ఆ పక్కది. దాని పక్కది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, అందులోంచి అపార్ట్‌మెంటు సెక్రటరీ తిట్లు మొదలయ్యాయి. జనం మెట్లు దిగి మాస్టారి చుట్టూ మూగారు.

"పిల్లలకి బొమ్మలు నేర్పుకోక ఈయనకెందుకండీ ఇవన్నీ?" అన్నారెవరో.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇక మిగిలింది పై అంతస్తు డెంటిస్టు గారి స్విచ్చి ఒక్కటే. కళ్లు మూసుకుని అదీ ఆపారు.

"ఆరిపోయిందండీ!" భార్య కేక ఫోన్ అవసరం లేకుండానే వినిపించింది.

మిగతా స్విచ్చులన్నీ వేశారు. లిఫ్టులోంచి బయటపడ్డ సెక్రటరీ ఆ ఒక్క స్విచ్చి దగ్గర కాపలా నిలబడ్డాడు. తలనిండా షాంపూ నురగతో దిగివచ్చిన డెంటిస్టు మాస్టారి బాత్రూమ్‌లో దూరి, హీటరు వైరు వెంటిలేటరులోంచి తమ ఇంటికి పాకడం కళ్లారా చూసింది.

"అంటే ఇన్నేళ్లూ నా కరెంటుతో మీ స్నానాలా? ఇది కలిపిన ప్రబుద్ధుడెవరు?"

భార్య తన తండ్రి వైపు చూసింది. మాస్టారూ చూశారు. పన్నెండేళ్ల కిందట ఎలక్ట్రీషియన్ని గుమ్మం తొక్కనివ్వకుండా ఆ హీటరు బిగించిన చెయ్యి మామగారిదే. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ రోజు టార్చి పట్టుకున్నది అల్లుడుగారు. వెలుతురు సరిగ్గా పట్టలేదు."

"అయితే ఈసారి మీరు పట్టుకోండి, పెద్దాయనా," అంది డెంటిస్టు.

మాస్టారు మళ్లీ స్టూలెక్కారు. టెస్టరు ఇంకోసారి పెట్టి చూసుకుని, స్క్రూలు విప్పి, వైరు కొసలకి టేపు చుట్టి, హీటరు కిందికి దించారు.

మామగారి చేతిలో టార్చి ఇసుమంతైనా కదల్లేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి.