సగం గ్లాసు తటస్థత

"షట్టర్ యుద్ధంలో మన ఊరు పూర్తిగా తటస్థం" అని నీటి సంఘం అధ్యక్షులు కాంతారావు గారు ప్రకటించగానే దివిసీమ అంతా ఊపిరి పీల్చుకుంది. గుడివాడలో వేయించిన ఫ్లెక్సీ మీద అలాగే ఉంది.

కాలువ నీళ్ల కోసం ఎగువ ఊరూ దిగువ ఊరూ కర్రలతో కొట్టుకున్నాక, అధికారులు షట్టర్ దించి తాళం వేశారు. మధ్య ఊరి పెద్దమనిషి కదా అని తాళంచెవి కాంతారావు గారికి అప్పగించారు. ఆయన దాన్ని వంటింట్లో మేకుకి తగిలించారు. పోపు వేసినప్పుడల్లా ఆయన భార్య రజని కళ్లు దాని మీదికే పోయేవి. దిగువ ఊరు ఆమె పుట్టిల్లు. నీళ్లు అందక అక్కడ నాన్న పోతురాజు నారుమడి నెర్రెలు విచ్చింది.

ఒకరోజు ఎగువ ఊరి తోమాసు వచ్చాడు. "మా నాట్లు అయిపోయాయండీ. ఇంక కిందకి వదిలేయండి. పోట్లాట వద్దు."

"శత్రువు శాంతి ప్రతిపాదన," అన్నారు కాంతారావు గారు గంభీరంగా. "దీన్ని స్వాగతించడమూ లేదు, తిరస్కరించడమూ లేదు. గమనించాం."

తోమాసుకి సగం గ్లాసు కాఫీ ఇప్పించారు. సాయంత్రం పోతురాజు వస్తే ఆయనకీ సగమే.

"ఇంట్లో పాలు లేవా అమ్మా?" అన్నాడు పోతురాజు.

"ఉన్నాయి నాన్నా. తటస్థత."

"తోమాసూ నేనూ ఇద్దరం ఒప్పుకున్నాంగా అల్లుడుగారూ, ఆ తాళంచెవి ఇటివ్వండి. ఇవాళ తడి తగలకపోతే నారు దక్కదు."

"అదే ఇబ్బంది మావయ్యగారూ. మీరిద్దరూ ఒక్కటైపోతే నేను మధ్యలో ఎక్కడ నిలబడాలి?"

"నేను వెళ్లి షట్టర్ ఎత్తొస్తాను," అంది రజని.

"నువ్వు దిగువ ఊరి ఆడపడుచువి. దేశం ఏమనుకుంటుంది?"

నారు పరిస్థితి మీద ప్రకటనకి తుదిరూపం ఇవ్వడానికి ఆయన తాళంచెవి జేబులో వేసుకుని మచిలీపట్నం వెళ్లారు. 'ఆందోళన' అనాలా, 'తీవ్ర ఆందోళన' అనాలా అన్నది తేలేలోపు నారు ఎండింది. ఆ వెంటనే వాయుగుండం వచ్చింది, వెనకే కృష్ణకి వరద. షట్టర్ మునిగింది, ఎగువ ఊరి నాట్లు మునిగాయి, దిగువ ఊరి ఎండిన మళ్లూ మునిగాయి. తోమాసూ పోతురాజూ ఒకే పడవలో వచ్చి కాంతారావు గారి అరుగు మీద తడిబట్టలతో కూర్చున్నారు.

కాంతారావు గారు విలేకరులను పిలిచారు. "నీటి పంపకంలో రెండు ఊళ్లకీ సమన్యాయం జరిగింది. ఓపిక పట్టినందుకు ఫలితం ఇది."

విలేకరులు వెళ్లాక అధికారులు వచ్చారు. ముంపు నీళ్లు మురుగు కాలువలోకి ముందు ఏ ఊరివి వదలాలన్న దాని మీద గొడవ రావచ్చట. మురుగు కాలువ షట్టర్ తాళంచెవి కూడా తటస్థుడి దగ్గరే ఉంటే మంచిదట.

కాంతారావు గారు సుత్తి పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "రజనీ, రెండో మేకు ఎక్కడ కొట్టమంటావు?"

రజని గ్లాసుల్లో సగం సగం కాఫీ పోస్తోంది. తల ఎత్తలేదు.

"మీ ఇష్టమండీ. నేను స్వాగతించడమూ లేదు, తిరస్కరించడమూ లేదు."