దాకలోని అభ్యంతరకర పదార్థం

నాగరికత ఎప్పుడు మొదలైందన్న విషయంలో చరిత్ర పుస్తకాలు తలో మాట చెబుతాయి. అమలాపురంలో మేముండే గౌతమీ రెసిడెన్సీ వరకు అలాంటి సందేహాలేమీ లేవు. పోయిన ఏడాది ఈస్టరు ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. అదే మధ్యాహ్నం మా అమ్మ దాక పోయింది.

దాక అంటే వెడల్పు మూతి ఉన్న మట్టిపాత్ర. మా అమ్మ మార్తమ్మ దాన్ని రాజోలు దగ్గర తన పుట్టింటి నుంచి తెచ్చుకుంది. అంచున చిన్న పెచ్చు ఊడి ఉండేది. ఏడాదికొకసారి, ఈస్టరు నాడు, చర్చి నుంచి రాగానే అందులో పంది మాంసం వండేది. జబ్బ మాంసం కొవ్వుతో సహా పెద్ద ముక్కలు కోసి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు పట్టించి, సన్నసెగ మీద వదిలేసేది. చివర్లో లేత చింతచిగురు నలిపి వేసేది. గరిటె తగిలితే ముక్క పీచులుగా విడిపోవాలి. అంతవరకు మూత తియ్యనిచ్చేది కాదు.

మా వంటిల్లు ఇరుకు. అందుకని ఆ ఏడు మేడ మీద ఇటుకలు పేర్చుకుని, కొబ్బరి చిప్పల నిప్పు మీద దాక పెట్టుకుంది. వాసనకు మెట్లూ అంతస్తులూ తెలియవు కదా. కాసేపటికి ఓనర్ల సంఘం అధ్యక్షులు ఆంజనేయప్రసాద్ గారు, కార్యదర్శి జనార్దన్ గారు ముక్కులకు చేతిరుమాళ్ళు కట్టుకుని పైకి వచ్చారు. మొదటివారికి కొబ్బరితోటలున్నాయి. రెండోవారికి ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైన అనుభవం ఉంది.

"మార్తమ్మగారూ, ఏవిటండీ ఇది?" అన్నారు అధ్యక్షులు.

"కూరండి. పండగ కదండీ. ఉడికేక కిందకి అందరికీ పంపుదామనే ఇంత పెట్టేను."

"కూరని తెలుస్తానే ఉందండి. ఏం కూరని?"

"పంది మాంసమండి."

ఉన్న వస్తువుకు ఇంకో పేరు పెట్టడం మా అమ్మకు చేతకాదు. జనార్దన్ గారు కళ్ళు మూసుకున్నారు. అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిగింది. ఆ జంతువు పేరు రాయడానికి కార్యదర్శి గారి కలం మొరాయించింది కనుక 'మేడపై అభ్యంతరకర పదార్థములను వండరాదు' అని తీర్మానించారు. చిత్తుప్రతి నా చేతికిచ్చారు.

"మీరు తెలుగు టీచరు కదండీ జాయ్‌గారూ. ఒక్కసారి చూసి పెట్టండి. నోటీసు బోర్డు మీద పెట్టేది, తప్పులుంటే బాగోదు."

జారిపోయిన ఒత్తులు పెట్టి ఇచ్చాను. మా అమ్మ దాకను బహిష్కరించిన ఆ తీర్మానంలో ఒక్క అక్షరదోషం కూడా లేదని గర్వంగా చెప్పుకోగలను.

ఇక పదార్థాన్ని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఇలాంటి పని పనివాళ్ళ చేత చేయించడం న్యాయం కాదని, ఆ భారం తామే మోస్తామని అధ్యక్ష కార్యదర్శులు ప్రకటించారు. కాలవలో కలిపేస్తామన్నారు. మూత జారకుండా గుడ్డ కట్టి, దాకను ఎంతో జాగ్రత్తగా కారెక్కించారు. కాలవ మా భవనం వెనకే ఉంది. అయినా కారులో వెళ్ళారు. పొద్దువాలాక తిరిగివచ్చారు. ఇద్దరి నోళ్ళూ కిళ్ళీతో ఎర్రగా పండి ఉన్నాయి. కఠినమైన విధి నిర్వహణ తర్వాత మనిషికి ఒక కిళ్ళీ అవసరమే అనుకున్నాను. అధ్యక్షుల భార్య కృష్ణవేణి గారు అప్పటికే మేడంతా పసుపునీళ్ళు చల్లించి ఉంచారు.

అమ్మ ఇటుకలు సర్దేసి కిందికి వచ్చింది. నన్ను ఒక మాట అడిగింది.

"నిజంగా పారబోసేరంటావా?"

"కాలవలో కలిపేరంట అమ్మా."

"ఎవరికైనా పెట్టినా బాగుండును."

అమ్మ చిన్నతనంలో కూలి దొరకని రోజు పొయ్యి వెలిగేది కాదు. అవమానం ఆమెకు అలవాటే. తిండి పారబోయడం అలవాటు కాలేదు. ఆ తర్వాత నన్ను కొత్త దాక కొననివ్వలేదు. జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో ఆసుపత్రిలో చేరింది. జ్వరంలో కూడా అదే అడిగేది: "కూరంతా పారబోసేరా జాయ్?" పిల్లలకు పర్యాయపదాలు నేర్పే నేను ప్రతిసారీ ఒకే మాట చెప్పాను. పడుకో అమ్మా అని. ఆ వారంలోనే పోయింది.

ఈ ఏడు మే నెలలో మా భవనానికి రెండోసారి నాగరికత వచ్చింది. ఈసారి హైదరాబాదు నుంచి వచ్చింది. ఆంజనేయప్రసాద్ గారి అమ్మాయి రమ్యశ్రీ సెలవు మీద వచ్చి భవనం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టింది. ఆదివారం సాయంత్రం మేడ మీద అందరికీ విందు. పుల్డ్ పోర్క్ శాండ్‌విచ్. ఇంట్లో భోజనానికైనా, పార్టీకైనా తేలికగా చేసుకోవచ్చు, మసాలా పట్టించి ఓవెన్‌లో పెట్టి మరిచిపోవడమే, వచ్చినవాళ్ళకు చేసి చూపిస్తాను అని.

దాని కింద మొదట చప్పట్లు కొట్టిన బొమ్మ కార్యదర్శి గారిది.

నాకు ప్రాణం లేచివచ్చింది. అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. జ్ఞాపకార్థ కూడిక మేడ మీదే పెట్టి, అమ్మ ఆ రోజు పంపలేకపోయిన కూరను అక్కడే అందరికీ పెట్టాలని నా కోరిక. ఆ సంగతి రాసి సంఘానికి ముందే దరఖాస్తు ఇచ్చి ఉన్నాను. జనార్దన్ గారింటికి వెళ్ళాను.

"రమ్యశ్రీ విందుకి ఒప్పుకున్నారు కాబట్టి, పాత తీర్మానం రద్దయినట్టే కదండీ?"

"అబ్బే, ఎంతమాటండి. తీర్మానం అమల్లోనే ఉందండి."

"మరి ఆదివారం..."

"అది పోర్కండి."

"రెండూ ఒకటే జంతువు కదండీ."

"ఆయ్, జంతువు ఒకటేనండి. హోదా వేరు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అమ్మగారిది కుండలో ఉడికింది. ఇది ఓవెన్లో బేకవుద్ది. అది పొగ, ఇది కరెంటు. అది అన్నంలో కలుపుకునేది, ఇది బన్నులో పెట్టుకునేది. నా సర్వీసంతా చూసేనండి, ఒకే కాయితం గుమాస్తా బల్ల మీదుంటే ఒక మాట, ఆఫీసరు బల్ల మీదుంటే ఇంకో మాట."

"పోనీ, నేనూ ఓవెన్లోనే వండితేనో?"

"దరఖాస్తు పెట్టుకోండి, చూద్దాం."

"పెట్టేనండి. నెల దాటింది."

"అయితే పరిశీలనలో ఉంటదండి."

"ఎవరి పరిశీలనలో అండీ?"

"నా పరిశీలనలోనేనండి," అన్నారు జనార్దన్ గారు వినయంగా.

ఆదివారం పొద్దున్నే రమ్యశ్రీ మా తలుపు కొట్టింది. కల్మషం లేని పిల్ల.

"టీచర్‌గారూ, కాస్త సాయం రారా? అమ్మ దాన్ని ముట్టుకోనంటోంది. మా వంటింట్లోకే రానివ్వట్లేదు."

వెళ్ళాను. కృష్ణవేణి గారి షరతుల ప్రకారం ఓవెన్ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్క గదిలో పెట్టారు. కాగితం పళ్ళేలు, విందయ్యాక పారేయడానికి కొత్త ఫోర్కులు తెప్పించారు. ఆవిడ గుమ్మం అవతల కుర్చీ వేసుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఉప్పు సరిపోయిందేమో చూడమ్మా" అని సలహాలిస్తూ కూర్చున్నారు.

రమ్యశ్రీ రాజమండ్రి నుంచి ఐసుపెట్టెలో తెప్పించిన జబ్బ మాంసం బయటికి తీసింది. ఉప్పు, మిరప్పొడి, మిరియాలపొడి, వెల్లుల్లి, కాస్త బెల్లంపొడి కలిపి అన్ని వైపులా రుద్దింది. లోతు ట్రేలో పెట్టి, చుట్టూ ఉల్లిపాయ ముక్కలు, అడుగున కాసిని నీళ్ళు పోసి, ఆవిరి బయటికి పోకుండా పైన రేకుకాగితం గట్టిగా బిగించింది.

"ఇంతేనండి. సన్నసెగ మీద సాయంత్రం దాకా వదిలేయడమే. మధ్యలో మూత తియ్యకూడదు. కొవ్వు కరిగి అదే మెత్తబడుతుంది. ఇది అక్కడ పెద్ద పద్ధతి అండి."

"అవునమ్మా," అన్నాను.

మధ్యాహ్నం దాటాక రేకుకాగితం అంచుల నుంచి వాసన మొదలైంది. కొవ్వు, మిరియాలు, వెల్లుల్లి. నేను ట్యాంకు వెనక్కి వెళ్ళి, ఎండలో ఆరేసిన బట్టలు కాసేపు సర్దాను. అవి మా బట్టలు కావు.

సాయంత్రం ట్రే బయటికి తీశాం. రెండు ఫోర్కులతో అటూ ఇటూ లాగుతుంటే మాంసం పీచులుగా విడిపోయింది. ట్రేలో దిగిన రసం, తియ్యటి పుల్లటి సాసు అందులో కలిపి, వెన్న రాసి కాల్చిన బన్నుల్లో పెట్టి, పైన సన్నగా తరిగిన క్యాబేజీ వేసింది. పోయిన ఏడు ముక్కులు మూసుకున్న భవనమంతా పైకి వచ్చింది. అందరూ నోరు గుండ్రంగా తిప్పి పోర్క్ అన్నారు. ఆ మాట పలికాక మనిషి కాస్త ఎత్తు పెరిగినట్టు కనిపించడం నేను గమనించాను. కృష్ణవేణి గారు కూడా, అది బ్రెడ్డే కదా అని, ఒక అంచు కొరికి, మిగతాది వృథా కాకూడదని పూర్తి చేశారు.

ఆంజనేయప్రసాద్ గారు మూడో శాండ్‌విచ్‌లో ఉన్నారు. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి.

"ఎలా ఉంది నాన్నా?" అంది కూతురు.

"అద్భుతంగా ఉందమ్మా. ముక్క వెన్నలా ఉంది." ఇంకో కొరుకు కొరికి, నిదానంగా నమిలి, తల ఊపారు. "కాపోతే సాసు తీపి ఎక్కువైంది. మార్తమ్మగారి దాంట్లో చింతచిగురు పులుపు ముక్క లోపలికంటా దిగింది. ఆ లెక్క వేరు."

మేడ మీద అందరూ ఆయన వైపు తిరిగారు.

రమ్యశ్రీకే ముందు తెలిసింది. "మార్తమ్మ మామ్మగారి కూర మీరెప్పుడు తిన్నారు నాన్నా?"

"కాలవలో కలిపేనన్నారు కదండీ," అన్నారు కృష్ణవేణి గారు. కొంగు ముక్కు మీద నుంచి దిగింది.

అధ్యక్షులు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి ఆకాశం వైపు చూశారు. అక్కడ ఆయనకో నిబంధన దొరికింది.

"రుచి చూడందే అభ్యంతరకరమో కాదో ఎలా నిర్ధారిస్తారండీ? పరీక్ష నిమిత్తం తీసుకున్నాం."

"మీరూనా?" అన్నారు కృష్ణవేణి గారు.

"కోరం ఉండాలి కదండీ."

"ఎక్కడ పరీక్షించేరు?"

"తోటలో మకాం దగ్గరండి. ఒట్టి కూర పరీక్షించడం కష్టమని దారిలో హోటల్లో అన్నం కట్టించుకున్నాం."

అందరూ నావైపు చూశారు. కోపగించుకుంటానని కాబోలు. నాకు ఒకటే తెలుసుకోవాలని ఉంది.

"అంతా తిన్నారా అండీ? ఏమైనా మిగిలిందా?"

ఆంజనేయప్రసాద్ గారు తల దించుకున్నారు. ఆ రోజు సాయంత్రం ఆయన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క శుద్ధమైన వాక్యం అప్పుడు వచ్చింది.

"దాక తుడిచేసేం టీచర్‌గారూ. అడుగున రసం కూడా వదల్లేదు."

నేను కుర్చీలో కూర్చున్నాను. రమ్యశ్రీ వచ్చి నా పక్కన నిలబడింది. "టీచర్‌గారూ, మంచినీళ్ళు తెమ్మంటారా?" అంది. వద్దన్నాను.

మర్నాడు పొద్దున్న కృష్ణవేణి గారు స్వయంగా దాక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. తోటలో భద్రంగానే ఉందట. వస్తువును పారేయడానికి అధ్యక్షులకు మనసొప్పలేదట.

"ఏమీ అనుకోకండి జాయ్‌గారూ," అన్నారు. గొంతు తగ్గించి, "చింతచిగురు ఎప్పుడెయ్యాలండి? ముందా, చివర్నా?" అని అడిగారు.

"చివర్నండి," అన్నాను.

దాక అంచున పెచ్చు అలాగే ఉంది. అడుగున నలుపు మాత్రం పోయిన ఏడాది కంటే బాగా ఎక్కింది. భద్రపరిచిన వస్తువు కింద అప్పుడప్పుడు నిప్పు పెడతారని నాకు తెలియదు.

నా దరఖాస్తు మీద, పాత తీర్మానం రద్దు మీద చర్చించడానికి సంఘం సమావేశమైంది. ఇద్దరు ముఖ్యులకు తోటలో అర్జంటు పని పడింది. కోరం లేక వాయిదా వేశారు. నోటీసు బోర్డు మీద తీర్మానం ఉంది. అందులో ఇప్పటికీ అక్షరదోషాలు లేవు.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక చర్చి ఆవరణలో జరిగింది. చికెన్ పెట్టాం. మర్నాడు సమాధి దగ్గరికి వెళ్ళి పూలు పెట్టి వచ్చాను. మేడ మీద అమ్మ కూర ఇంకా వండలేదు. ఆ కూర పారబోయలేదని అమ్మకు ఇంకా చెప్పలేదు.