తారుమిద్దె దండయాత్ర

స్వస్తి! ప్రచండమార్తాండ కిరణసహస్ర సంతప్త శిలామండితంబును, మేఘదర్శనమాత్ర పులకితజన సంకులంబును, పెన్నానదీ నామధేయ సైకతరాశి విరాజితంబును, వేరుశనగ క్షేత్ర నిరంతర నిశ్వాస నిలయంబును అగు అనంతపుర పీఠభూమియందు, లేపాక్షి నందికి ఆమడదూరాన, హిందూపురమను పట్టణమున, మే నెల మూడవ సోమవారమున, పగలు పన్నెండు దాటి ఇరువది నిమిషములు గడచిన ఘోరముహూర్తమున, ఒక మిద్దె పరువు నడివీధిన పోయెను.

ఉండండప్పా, ఊపిరి తీసుకోనీండి. ఈ ఎండలో ఇంత పొడుగు వాక్యం చెప్పడమంటే మాటలా?

ఆ మిద్దె ఎవరిది? సుధాలేపన ధురంధరుడు, కూర్చికాయుధ కోవిదుడు, ముప్పదియేడు సంవత్సరములుగా ఈ పట్టణ కుడ్యములన్నింటికి వన్నెలు దిద్ది, ఆ వన్నెలన్నియు తన చొక్కాపై మిగుల్చుకొన్న వీరవరేణ్యుడు, సున్నాల మేస్త్రీ బుడేన్ సాబ్‌ది. అతని కుంచె తగలని గోడ ఊళ్లో లేదు. అంతటి వీరుడు సొంత మిద్దెకు పూసినదేమి? తారు! కాకి కూడా పక్కన వాలితే తెల్లగా కనిపించునంతటి నల్లని తారు!

ఎందుకు పూసినాడయ్యా అంటే, వాన కారుతుందని. నవ్వొద్దండి. ఎనిమిదేండ్ల కిందట ఒక సాయంత్రం నిజంగానే వాన పడింది. మిద్దె కారి మూడు చుక్కలు ఆయన భార్య రంజాన్ బీ కూరగిన్నెలో పడ్డాయి. మర్నాడే సాబ్ ఒక గోదాము పనిలో మిగిలిన రెండు డబ్బాల తారు మోసుకొచ్చి, మిద్దె మూలమూలకూ పులిమి, "ఇంక ఈ ఇంట్లోకి చుక్క దిగితే నేను మేస్త్రీనే కాదు" అని భీషణ ప్రతిజ్ఞ చేసినాడు. ఆ ప్రతిజ్ఞ ఈనాటికీ చెక్కుచెదరలేదు. దాన్ని పరీక్షించే వాన మళ్లీ రాలేదు గదా! ఏడాదికి నాలుగు రోజులు వస్తుందో రాదో తెలియని వానకు భయపడి, దినమూ వచ్చే ఎండకు తలుపు తీసిపెట్టే మనిషి ఈ సీమలో తప్ప యాడ పుడతాడు? వాన మీద మనకుండే ఆశ అట్లాంటిది.

ఇక సోమవారం సంగతి. ఏ మిద్దె ఎంత వేడెక్కుతాందో కొలిచి రాసుకొనుటకై, వార్డు సచివాలయము నుండి వనజాక్షి అను ఉద్యోగిని, తలపై కొంగు, చేతిలో వేడి కొలిచే తుపాకీ ధరించి విచ్చేసెను. సాబ్ మిద్దెకు గురిపెట్టి మీట నొక్కెను. అంకె చూసి కళ్లు నులుముకొని, మళ్లీ నొక్కెను.

"అరవైతొమ్మిది డిగ్రీలు సాబ్. ఈ వార్డులో రెండొందల పన్నెండు మిద్దెలు కొలిచినా. ఫస్టు ర్యాంకు మీదే."

ర్యాంకు అనే మాట చెవిన పడగానే సాబ్ మీసం మీద చెయ్యేసినాడు పాపం. రెండు క్షణాలకు గానీ అర్థం కాలేదు. ఈలోగా మెట్ల మీద నిలబడి అంతా విన్న రంజాన్ బీ, చెమటతో తడిసిన కొంగు నడుముకు బిగించి, సభాభవనము దద్దరిల్లునట్లు ఇట్లు పలికెను.

"ఇన్నావా? ఎనిమిదేండ్లుగా నేను మొత్తుకుంటాండా, ఇది ఇల్లు గాదు, రొట్టెల పెనం అని. నువ్వేమంటివి? తారు పూస్తే ఇల్లు గట్టిగుంటాదంటివి. పెనం మింద రొట్టెనన్నా ఒకపక్క కాలినాక తిప్పుతారయ్యా, నన్ను తిప్పేవాళ్లు గూడ లేరు! మధ్యాన్నం కన్ను మూసి ఎన్నేండ్లాయె తెల్సునా నీకు? ఇదో, చెప్తాండా. శుక్రవారం అన్నం తిని ఈ గదిలో పండుకుంటా. నిద్ర పట్టిందా, ఈడే ఉంటా. పట్టలేదా, నాలుగు గంటల చిలమత్తూరు బస్సు ఎక్కుతా. మా అక్కోళ్ల మట్టిమిద్దె కిందనే ఉంటా, వానలు పడేదాకా."

వానలు పడేదాకా! ఆ మాట సాబ్ గుండెల్లో బాకులా దిగింది. ఈ దేశంలో ఆ గడువుకు అంతెక్కడ? వెనకొకసారి ఆమె పుట్టింటికి పోతే వారం దినాలు చాయ్‌లో చక్కెరనుకొని ఉప్పేసుకొని తాగిన మనిషి అతడు. తాగి, బాగుందనుకున్న మనిషి. ఆమె గొణుగుడు వినిపించని ఇల్లు అతని ఊహకే అందలేదు. ఆమె మాత్రం రేకుపెట్టె దించి, గడప పక్కన పెట్టి, దుమ్ము దులిపింది.

"ఏసీ పెట్టిస్తా!" అని సాబ్ కుడిచేయి ఎత్తి గర్జించెను. "హిమాలయాలను తెచ్చి ఈ గదిలో దించుతా!"

వనజాక్షి తుపాకీ సంచిలో పెట్టుకుంటూ అన్నది: "పెట్టండి సాబ్, ఎవరొద్దన్నారు? గది సల్లబడతాది, ఆ వేడంతా సందులోకి పోతాది. ఏసీకి కరెంటు గావాల. కరెంటుకు యాడనో బొగ్గు కాల్చాల. ఆ పొగకు ఎండ ఇంకా ముదురుతాది. ముదిరిన ఎండకు మీరు రెండో ఏసీ తేవాల. మిద్దె ఇట్ల నల్లగా పెట్టుకొని ఏసీ అంటే, పొయ్యి మింద కూర్చొని విసనకర్ర ఊపుకున్నట్లే. ముందు పొయ్యి దిగండి. తెల్లగా సున్నం కొట్టండి. మీకు నేను చెప్పాల్నా? మీ పనే అది గదా."

మీ పనే అది గదా! అరవైతొమ్మిది డిగ్రీల కన్నా ఆ నాలుగు మాటలే ఎక్కువ కాల్చినాయి.

మంగళవారము ప్రథమ యుద్ధము. తారు గీకితే తన తప్పు ఒప్పుకున్నట్లవుతుందని, మానధనుడగు సాబ్ తారు పైనే సున్నం వేయ సంకల్పించెను. పక్కింటి బసప్ప, గొర్రెల బేరగాడు, సాబ్‌కు చిన్ననాటి నేస్తం, ఎదుటివాని కష్టం చూడవలసివస్తే కుర్చీ వేసుకొని మరీ చూసే రసికుడు, తన మిద్దె మీద నీడన కూర్చొని అడిగినాడు:

"ఏమన్నా, తారు మింద సున్నం నిలబడదని నువ్వే గదా ఊరంతా చెప్పేది?"

"అది ఊరోళ్ల తారప్పా. ఇది నా తారు."

పదకొండు గంటలకు సున్నం ఆరింది. పన్నెండుకు పగిలింది. ఒంటిగంటకు గాలి లేచింది. అప్పడాల్లా లేచిన సున్నపు పెచ్చులు ఆకాశమార్గాన బయలుదేరి వీధి వీధంతా ముట్టడించినాయి. బసప్ప నల్లపొట్టేలు మేతకు పోయి తెల్లగా తిరిగొచ్చింది. కొనడానికొచ్చినవాడు "నేను చూసింది ఇది గాదు" అని వెనక్కి పోయినాడు. ఆ ఉత్పాతము నాపగోరి సాబ్ మిద్దె మధ్యకు పరుగెత్తగా, ఎండకు కరిగిన తారు అతని కుడికాలి హవాయి చెప్పును పట్టుకొనెను. లాగెను. రాలేదు. బురదలో రథచక్రము దిగబడిన మహారథివలె ఒంటికాలిపై నిలిచి వీరుడు దిక్కులు చూచెను.

కింద నుంచి రంజాన్ బీ కేకేసింది: "చెప్పు ఇడిసిపెట్టి రాయ్యా! కాలు మాత్రం తెచ్చుకో!"

ఆ సాయంత్రం సాబ్ చాపమీద కూర్చొని అరికాలి బొబ్బలకు వెన్న రాసుకున్నాడు. చెప్పు లేకుండా నాలుగడుగులు వేస్తేనే తన కాలు ఇట్లయింది. ఆ మిద్దె కిందనే ఆమె ఎనిమిది ఎండాకాలాలు వండింది, రొట్టెలు చేసింది, తనకు విసిరింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. గడప పక్కన పెట్టె అట్లే ఉండాది.

బుధవారం తెల్లవారుజామున, కోడి రెండోసారి కూయకముందే, సాబ్ పార, ఉలి, సుత్తి పట్టుకొని మిద్దెక్కినాడు. తారు గుణం అతనికి తెలియంది కాదు. ఎండ పడితే పాయసం, చల్లబడితే పెళుసు. సూర్యుడు లేచి మిద్దె ముట్టేలోపల దాన్ని కొట్టాల. ఠంగుమని ఉలి దిగింది. పెచ్చు లేచింది. ఠంగు, పెచ్చు, ఠంగు, పెచ్చు. ఎనిమిది గంటలకు శత్రుపక్షమున సూర్యుడు ప్రవేశించి తారును కరిగింపగా సాబ్ వెనుదిరిగెను. సగం మిద్దె మిగిలెను. గురువారం మళ్లీ. ఈసారి బసప్ప కుర్చీ మీద కూర్చోలేకపోయినాడు. పొట్టేలు బేరం పోయిన కోపం ఒకపక్క, దోస్తు వంగిన నడుము ఒకపక్క.

"జరుగన్నా," అంటూ గోడ దాటి వచ్చి పార అందుకున్నాడు. "నేను నీకోసరం రాలేదు. రంజానక్క పోతే నాకు పండగకు సేమియా ఎవరు చేస్తారని వచ్చినా."

ఎనిమిదికి మిద్దెంతా బోడిగా తేలింది. ఆ చెప్పు గూడ ఒక తారుముక్కతో సహా ఊడొచ్చింది. వీరస్వర్గమలంకరించిన ఆ పాదరక్షను సాబ్ మూలన పెట్టి దండం పెట్టినాడు.

శుక్రవారం సూర్యోదయాన సుధాప్రయోగము. నానబెట్టి వడగట్టిన సున్నం, తుమ్మబంక, గుప్పెడు ఉప్పు. కుంచె పట్టగానే సాబ్ మళ్లీ సాబ్ అయినాడు. నడుము నిటారయింది, చెయ్యి తనంతట తాను ఆడింది. ఒక పూత నిలువుగా, రెండో పూత అడ్డంగా. ఆరబెట్టే పని ఎవరికి అప్పగించినాడు? సూర్యునికే! శత్రువు చేతనే శత్రువును ఓడించు సున్నమును ఆరబెట్టించిన ఇట్టి రాజనీతి నేను ఇంకెక్కడా వినలేదు. పదకొండుకు మిద్దె పాలసముద్రమై మెరిసింది. ఆ తెలుపు చూడలేక ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు.

వనజాక్షి వచ్చి తుపాకీ గురిపెట్టింది. "నలభైమూడు సాబ్!"

"గెలిచినామా?" అని బసప్ప.

"లోపల పండుకునేది మిద్దె గాదప్పా," అన్నాడు సాబ్ పెదవులు తడుపుకుంటూ. "లోపల పండుకునేది రంజాన్ బీ."

జుమ్మా నమాజు అయింది. అన్నాలయినాయి. రెండుంబావుకు రంజాన్ బీ మంచమెక్కి, పైకప్పును అనుమానంగా చూసి, ఫాను అయిదు మీద పెట్టించి, కళ్లు మూసింది. సాబ్ గడప దగ్గర, పెట్టె పక్కన, నేలమీద కూలబడినాడు. ఆమె ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. లేచి కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, "ఊఁ" అని మళ్లీ పండుకుంది. ఆ "ఊఁ"కు అర్థమేమో తెలియక అతని ప్రాణం పైకీ కిందికీ ఆడింది.

రెండున్నరకు ఆమె ఊపిరి నెమ్మదించెను. అంతలో, అయ్యో, వీధి మొగన మహాశంఖారావము! "పాత ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలమ్మా, ఉల్లిగడ్డలూ!" మైకు పెట్టుకొని ఆటో వస్తాంది! సాబ్ కదలలేడు, అరవలేడు. బయట అరుగు మీద కూర్చున్న బసప్ప లేచినాడు. పంచె ఎగ్గట్టి, ఎండలో ఎదురేగి, ఆటో ముందర అడ్డంగా నిలిచినాడు.

"ముందు మైకు ఆపు. ఉల్లిగడ్డలు చూపించు. ఇవేందప్పా, గోలీకాయలు ఇంతకన్నా పెద్దగుంటాయి! ఇది కుళ్లింది. ఇది మొలకొచ్చింది. ఇది యా ఊరిది?"

గంటంబావు సేపు ఆ బేరము సాగెను. ఒక్కొక్క ఉల్లిగడ్డ వంశచరిత్ర అడిగి, చివరకు ఒక పగిలిన బకెట్టు ఇచ్చి, మూడు గడ్డలు గెలిచి బసప్ప మరలివచ్చెను. నెత్తి కాలిపోయింది, మొగం కందిపోయింది. అయినా మైకు మళ్లీ మోగలేదు.

గదిలో ఏమాయెను? వినుడు! మొదట పిల్లి గుర్రుమన్నట్లు, తరువాత కుట్టుమిషన్ తొక్కినట్లు, ఆ వెనుక లారీ గేరు మార్చినట్లు, ఎనిమిదేండ్లుగా ఆ కప్పు కింద పగటిపూట ఎన్నడూ వినబడని ధ్వని లేచెను. రంజాన్ బీ గురక! సాబ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, సంతోషంతో కేక బయటపడకుండా. నాలుగు కొట్టింది. మెయిన్‌రోడ్డు మీద చిలమత్తూరు బస్సు హారన్ మూడుసార్లు మోగింది. గురక ఆగలేదు. బస్సు పోయింది.

అప్పుడు సాబ్ మంచం దగ్గరకు జరిగి, నిద్రపోతున్న మనిషికి వినబడదు గదా అన్న ధైర్యంతో, ఎనిమిదేండ్లు గొంతులో దాచుకున్న మాట గుసగుసగా బయటపెట్టినాడు.

"మేయ్, తారు పూసింది నాదే తప్పు."

గురక ఆగింది.

"ఏమన్నావు?" కళ్లు తెరవకుండానే అడిగింది రంజాన్ బీ. "ఫాను సప్పుడుకు ఇనపడల్యా. తగ్గించి చెప్పు."

సాబ్ లేచి అయిదు నుంచి నాలుగుకు తిప్పినాడు. "తప్పు నాదే అంటి."

"ఇంకా సరిగ్గా ఇనపడల్యా."

మూడుకు తిప్పినాడు. గట్టిగా, వీధికి వినబడేటట్టు, గోడ అవతల బసప్ప ఉల్లిగడ్డ కొరుకుతూ ఆగిపోయేటట్టు, సున్నాల మేస్త్రీ బుడేన్ సాబ్ ప్రకటించెను: "తారు పూసింది తప్పు! నాదే తప్పు! ఎనిమిదేండ్ల తప్పు!"

రంజాన్ బీ నవ్వింది. "అట్ల చెప్పు. ఇంక ఆ పెట్టె అటక మింద పెట్టు," అని గోడవైపు తిరిగి, మే నెల మూడవ శుక్రవారమున, అనంతపుర పీఠభూమియందు, సాయంత్రము నాలుగుంబావుకు, దుప్పటి కాళ్లమీదికి లాక్కొనెను.

ఫాను మూడు మీదనే ఉండిపోయింది. ఆమె పెంచమనలేదు, అతను పెంచలేదు.

కావున ఓ జనులారా, దుందుభులు మోగించుడు! రెండు పాయింట్లు! ఒక్క ఫాను, రెండు పాయింట్లు! యాడనో దూరాన ఒక బొగ్గుకుప్పలో గుప్పెడు బొగ్గు కాలకుండా మిగిలెను. ఆ గుప్పెడు ఎవరి కంటికీ కనబడదు, నాకు తెలుసు. ఆ వార్డులో ఇంకా రెండొందల పదకొండు మిద్దెలు ఉండాయనీ తెలుసు. మీది అందులో ఒకటేమో, నాకేం తెలుసు? రేపు మధ్యాహ్నం చెప్పులిడిసి మీ మిద్దె ఎక్కి చూడండి. అరికాలే చెప్తాది.