మంత్రిగారి కారులో వెలిగిన లైటు

రవాణా శాఖ మంత్రిగారు ఆ సోమవారం ఒక చారిత్రక ప్రకటన చేశారు. ప్రజలందరికీ కొత్త బస్సులు వచ్చేదాకా తాను కొత్త కారు ఎక్కబోనని, ఎవరో వాడి వదిలేసిన కారులోనే తిరుగుతానని చెప్పారు. ఆయన ప్రకటనలు రాసి పేపర్లకు పంపేది నేనే. అందులో "త్యాగం" అన్న మాట నాలుగుసార్లు వాడాను. ఐదోది ఆయనే స్వయంగా కలిపారు.

తొమ్మిదేళ్ళు తిరిగిన కారు ఒకటి తెచ్చారు. ఏడుగురు ఇంజనీర్లు దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, "ఏ లోపమూ లేదు" అని రాసి సంతకాలు పెట్టారు. బానెట్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మంత్రిగారి త్యాగాన్ని అనుమానించినట్టు ఉంటుందని చీఫ్ ఇంజనీరుగారు చెప్పారు. ఆయన మర్యాదకు నేను ముగ్ధుణ్ణయ్యాను.

ఆ కారుకు డ్రైవరు మా బావ, అంటే మా అక్క భర్త. అంతకు ముందున్న డ్రైవరు హారన్ మోగడం లేదని మంత్రిగారి ఎదుట నోరు జారాడు. ఇప్పుడు పాత సామాన్ల షెడ్డులో కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని హారన్ మామ అంటారు.

మూడో రోజు స్టీరింగ్ వెనక ఒక లైటు వెలిగింది. నారింజ రంగు, పళ్ళచక్రం బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. ఆ ఆశ్చర్యార్థకం నా ప్రకటనల్లోంచి ఎత్తుకెళ్ళిందేమో అనిపించింది. బావ కారును ప్రభుత్వ వర్క్‌షాపుకు తీసుకెళ్తే నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ కారు కిందికి దూరి, వేలికి అంటిన నూనె వాసన చూసుకుంటూ బయటికొచ్చాడు.

"గేరు బాక్సు సీలు పోయిందన్నా. ఆయిల్ కారిపోతోంది. ఆ సంగతి చెప్పడానికే ఈ లైటు. రెండు గంటల పని."

"ఇలాగే తోలితే?" అన్నాడు బావ.

"చదును రోడ్డు మీద కొన్నాళ్ళు నెట్టుకొస్తావు. కొండెక్కావంటే మాత్రం నడిమధ్యలో చేతులెత్తేస్తుంది. వెనక్కి జారితే ఇక నీ బ్రేకే దిక్కు."

ఆ మాటే చీఫ్ ఇంజనీరుగారికి చెప్పాం. ఆయన తల పట్టుకున్నారు.

"లోపం లేదని సంతకం పెట్టానయ్యా! లోపం లేని కారుకు రిపేరు ఎలా రాయమంటావు? నా సంతకాన్ని నేనే కాదంటానా?"

"మరి లైటు సార్?"

"కారులో లోపం లేదు కాబట్టి, ఉంటే గింటే ఆ లైటులోనే ఉండాలి."

వెంటనే బల్బు మార్పించారు. పాత బల్బు కాస్త మసకగా ఉండేది. కొత్తది ధగధగా వెలిగింది.

ఆ వెలుగు మంత్రిగారి కంటపడింది. "ఏంటయ్యా అది?" అని వెనక సీట్లోంచి ముందుకు వంగారు. ముందు కూర్చున్న సెక్రటరీగారు రెప్ప వేయలేదు.

"గేరు దివ్యంగా పనిచేస్తోందని చెప్పే లైటు సార్. అన్ని కార్లలోనూ వెలగదు."

"నా ఇదివరకటి కారులో ఎప్పుడూ చూడలేదే!"

"అది మామూలు కొత్త కారు కదా సార్."

మర్నాడు పేపర్లలో "ప్రగతి దీపం" అన్న శీర్షిక నాదే. కార్యకర్తలు వరసకట్టి, కిటికీలోంచి తలలు దూర్చి ఆ దీపాన్ని చూసి వెళ్ళారు. ఒకాయన చెప్పులు విప్పి మరీ చూశాడు.

బావ అవస్థ చూడలేక మెకానిక్ ఒక లీటరు ఆయిల్ పోశాడు. లైటు ఆరిపోయింది. మంత్రిగారు కారెక్కుతూనే అడిగారు.

"నా లైటేది?"

"ఆయిల్ పోయించాను సార్..."

"ఎవడు పొయ్యమన్నాడు? గిట్టనివాళ్ళు చెప్పారా?"

సెక్రటరీగారు బావను పక్కకు పిలిచారు. "ఇంకోసారి ఆ లైటు ఆరిందంటే షెడ్డులో హారన్ మామ పక్కన రెండో కుర్చీ వేయిస్తా." అదృష్టం బాగుండి రెండు రోజుల్లో ఆయిల్ మొత్తం కారిపోయింది. లైటు మళ్ళీ వెలిగింది. శాఖ ఊపిరి పీల్చుకుంది.

అక్కడితో ఆగితే ఆయన మంత్రి ఎందుకవుతారు? శాఖలోని అన్ని కార్లలోనూ వారం రోజుల్లో ప్రగతి దీపం వెలగాలని ఉత్తర్వు ఇచ్చారు. అధికారుల కార్లన్నీ కొత్తవి. ఎంత తిప్పినా వెలగవు. వర్క్‌షాపు ముందు అధికారులు బారులు తీరారు.

"బాబ్బాబు, ఎలాగైనా నాది వెలిగించు."

"ఆయిల్ తీసేస్తే గానీ వెలగదండీ. గేరు బాక్సు పాడవుతుంది."

"తీసెయ్! బాక్సుదేముంది, ఎవరికీ కనపడదు."

చీఫ్ ఇంజనీరుగారు మెకానిక్ చెవిలో, "నాది మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ తియ్యి. హోదా ఉంది కదా" అన్నారు. శనివారానికల్లా పద్దెనిమిది కార్లలో దీపాలు వెలిగాయి. నేను "నూరు శాతం లక్ష్యసాధన" అని రాశాను.

సోమవారం కొండ మీద కొత్త రోడ్డు ప్రారంభం. ఆ కబురు తెలిసి అక్క మా ఇంటికొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ కంచం ముందు కూర్చుని కూడా కుడికాలితో బ్రేకు తొక్కుతున్నాడురా. పేపర్లకు రాసేది నువ్వే కదా! ఆ లైటు ఎందుకు వెలుగుతుందో ఒక్క ముక్క రాయరా."

"పైవాళ్ళు చెప్పకుండా నేను రాయకూడదక్కా."

"ఆ కొండెక్కేది పైవాళ్ళు కాదు, మీ బావ." అని లేచి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే కూర్చుని ప్రారంభోత్సవ ప్రకటన పూర్తి చేశాను.

ఆదివారం మంత్రిగారు ఇల్లు కదలరు. బావ, మెకానిక్ కలిసి రెండు గంటల్లో కొత్త సీలు వేశారు. నిండా ఆయిల్ పోశారు. లైటు ఆరింది. అప్పుడు మెకానిక్ ఒక తీగ తీసి లైటును నేరుగా బ్యాటరీకి కలిపాడు. "కారుకీ తృప్తి, సారుకీ తృప్తి" అన్నాడు. పది రోజుల తర్వాత బావ నవ్వడం అప్పుడే చూశాను.

సోమవారం మా వెనక పద్దెనిమిది కార్లు, పద్దెనిమిది దీపాలు. మొదటి మలుపులో మూడు ఆగాయి. రెండో మలుపులో ఏడు. మూడో మలుపులో మిగతావన్నీ. మంత్రిగారి కారు మాత్రం ఉఫ్ అనకుండా ఎక్కేసింది. పైన మేము నలుగురమే ఉన్నాం: ఆయన, సెక్రటరీగారు, బావ, నేను.

"మిగతావాళ్ళేరీ?"

"తమరి వేగాన్ని అందుకోలేకపోయారు సార్."

మంత్రిగారు బావ భుజం తట్టి "శభాష్" అన్నారు. దీపంతో ఫొటో తీయమన్నారు. బావ బండి ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని పక్కకు జరిగాడు. అదే సమయానికి చీఫ్ ఇంజనీరుగారు రొప్పుతూ నడిచి వచ్చారు. ఆయన చూపు లైటు మీద పడింది.

"తాళం తీశాక కూడా వెలుగుతోందేంటి?"

ఆ ఏడుగురితోనే విచారణ సంఘం వేశారు. ఈసారి అందరూ బానెట్ ఎత్తారు. పద్దెనిమిది కార్లలోని దీపాలు అసలైనవని, కార్లు మాత్రం ఎండకు ఆగాయని తేల్చారు. మంత్రిగారి కారు గేరు బాక్సులో మాత్రం ఎంత వెతికినా ఏ లోపమూ దొరకలేదు. కనుక ఆ దీపం బూటకమన్నారు. "లోపం లేకుండానే లైటు వెలిగించి మంత్రిగారిని వంచించినందుకు" అంటూ బావకిచ్చే ఉత్తర్వును నా చేతే రాయించారు. షెడ్డులో రెండో కుర్చీ పడింది. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

ఏడుగురూ దగ్గరుండి కొత్త సీలు పీకించి, పాతది పెట్టించి, తీగ కత్తిరించారు. మర్నాటికి అసలైన దీపం వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

కిందటిసారి జనం ఎవరూ చూడలేదని మంత్రిగారు ఆ రోడ్డును మళ్ళీ ప్రారంభించాలనుకున్నారు. పొద్దున్నే సెక్రటరీగారు నా బల్ల దగ్గరికొచ్చి కారు తాళం పెట్టారు.

"మీకు లైసెన్సు ఉంది కదా?"

"ఉంది సార్. కానీ నేను రాసేవాణ్ణి..."

"ఆ దీపం గురించి ఇంత గొప్పగా రాసినవాళ్ళు ఇంకెవరున్నారండీ?"

వెళ్ళి కూర్చున్నాను. తాళం తిప్పాను. లైటు వెలిగింది.

"చూశావా, ఎంత కాంతో!" అన్నారు మంత్రిగారు వెనక నుంచి. "ఊఁ, కొండకు పోనీ."

నా కుడికాలు అప్పటికే బ్రేకు మీద ఉంది.